ఉత్త మాత్ర

ల్యాబ్ నుంచి,
చలి మొదలైన వారం

వదినకి, పక్కన కూర్చుని వింటున్న అన్నయ్యకి,

మీ ఉత్తరం అందింది. అందడం అంటే మామూలుగా కాదు, ఊరేగింపుగా వచ్చింది. ఆఫీసు గుమాస్తా కవరు పైకెత్తి పట్టుకుని "కందిరీగ గారు ఎవరండీ?" అని కారిడార్ అంతా అరుచుకుంటూ తిరిగాడు. అన్నయ్యా, దుకాణాలకి బోర్డులు రాసేవాడివైతే మాత్రం, కవరు మీద కూడా ఎర్రరంగు నీడ వేసి, చివర తోక పెట్టి, అంత లావు అక్షరాలతో నా ముద్దుపేరు రాయాలా? ఇక్కడ నన్ను డాక్టరమ్మ అంటారు. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు నేను అటు తిరగ్గానే జుమ్మని శబ్దం చేస్తున్నారు. అంతా నీ పుణ్యమే.

అసలు విషయానికొస్తాను. కీమోతో నీ ఊపిరితిత్తిలో గడ్డ బాగా కరిగిందని స్కాన్‌లో వచ్చింది. సంతోషం. కానీ ఈ రకం గడ్డ కరిగినట్టే కరిగి మళ్లీ లేస్తుంది, లేచి వేరేచోటికి పాకుతుంది. ఎలా పాకుతుందో నీ భాషలో చెప్తాను. పాత రంగు గీకకుండా నువ్వు గోడ మీద కొత్త అక్షరం వెయ్యవు కదా. అదీ అంతే. మన ఒంట్లో కణాల మధ్య ప్రొటీన్లతో గట్టి అల్లిక ఒకటి ఉంటుంది. దాన్ని తొలిస్తే తప్ప గడ్డకి దారి లేదు. తొలిచేందుకు ప్రొటీన్లని కత్తిరించే ఎంజైములున్నాయి. ఇందులో ఒళ్లు మండే సంగతేమిటంటే, గడ్డ ఆ పనంతా తన చేత్తో చేసుకోదు. చుట్టూ ఉన్న మన మంచి కణాలనే మాయచేసి, ఆ ఎంజైముల్ని వాటి చేతే తయారు చేయిస్తుంది. మన ఇంటి మనుషుల చేతే మన గోడకి కన్నం పెట్టిస్తుందన్నమాట.

ఆ ఎంజైముల్ని పనిచెయ్యకుండా పట్టి ఉంచే మాత్ర మా ల్యాబ్‌లో పుట్టింది. నా వయసంతా దానికే ధారపోశాను, నీకు తెలుసు. ఎలకల్లో గడ్డ పాకకుండా ఆగింది. ఇప్పుడు మనుషుల్లో చూస్తున్నారు, నిన్ను చూసే ఆస్పత్రిలోనే. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరిది ఏదో డాక్టర్‌కీ తెలీదు, నాకూ తెలీదు. చేరమని నేను చెప్పకూడదు. చెల్లెలిగా చెప్తున్నాను, చేరు.

ఒక్క సంగతి. భుజాలు పట్టేసినా, వేళ్లు బిగుసుకున్నా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. కొన్నాళ్లు మాత్ర ఆపి, తర్వాత తగ్గించి ఇస్తారు. దాచకు.

నీ కందిరీగ

*

ఇంటి నుంచి,
ఆదివారం, బట్టలు ఆరేశాక

కందిరీగకి,

మీ అన్న చేరిపోయాడు. సంతకం పెట్టమంటే, బోర్డు కింద పెట్టినట్టు గీత లాగి మరీ పెట్టాడు. ఆ నర్సమ్మ ముచ్చటపడింది. ఈయన ఇక ఆగుతాడా? "ఈ మాత్ర కనిపెట్టింది మా చెల్లెలే" అని ఒకటే డప్పు. అందులో మీవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని నేను గొణిగితే, నా కాలు తొక్కాడు.

ఆ డబ్బా ఎక్కడ పెట్టాడో తెలుసా? అద్దం ముందు, తన దువ్వెన పక్కన. పొద్దున్నా సాయంత్రం మాత్ర చేతిలో వేసుకుని, "రా కందిరీగా, పో లోపలికి, కుట్టు దాన్ని" అని మింగుతాడు. సిగ్గూ ఎగ్గూ లేదు మనిషికి. నేను నవ్వుతాను, వంటింట్లోకి వెళ్లి ఏడుస్తాను. ఏడుపు దేనికో నాకే తెలీదు. ఇన్నాళ్లూ ఇంట్లో జబ్బు గురించి తప్ప మాటే లేదు కదా, ఆయన మళ్లీ వేళాకోళాలాడుతుంటే నాకు తట్టుకోవడం రావట్లేదు.

ఫోన్ చెయ్యకు. ఫోనేమో ఇంటి ఓనరు వాళ్ల హాల్లో ఉంది. వాళ్లింటిల్లిపాదీ టీవీ కట్టేసి మరీ మన మాటలు వింటారు. పక్కన మీ అన్న చెవి ఒగ్గి నిలబడతాడు. ఏదైనా నాతోనే చెప్పాలనిపిస్తే మా స్కూలు అడ్రసుకి రాయి. ఒకటో తరగతి పిల్లలకి ఇంకా కూడబలుక్కోవడమే రాదు, నా ఉత్తరాలు చదవరు.

సినిమా హాలు ఎదురుగా మందుల షాపు బోర్డు ఒప్పుకున్నాడు. నిచ్చెన ఎక్కద్దంటే వింటేగా. చిన్నప్పుడు అమ్మానాన్నా పోయాక నిన్ను చంకనేసుకుని ఎక్కాడట నిచ్చెన. ఇప్పుడు ఒంటరిగా ఎక్కడానికి భయమేమిటంటాడు. మీ అన్నాచెల్లెళ్లకి తలపొగరు సమానంగా పంచాడు పైవాడు.

మీ వదిన

*

ల్యాబ్ నుంచి (నీ స్కూలు అడ్రసుకి),
శుక్రవారం

వదినా,

ఇది నీకొక్కదానికే. చదివి చింపెయ్.

నాకు నిద్ర పట్టడం లేదు. ఇది మొదలుపెట్టకముందు కొందరికి అసలు మాత్రే ఇచ్చి చూశారు, వాళ్లలో చాలామందికి రెండుమూడు నెలలు తిరిగేసరికి కీళ్లు పట్టేశాయి. ముందు భుజాలు, తర్వాత వేళ్లు. గుండీ పెట్టుకోలేరట, కప్పు పట్టుకోలేరట. ఎందుకంటే ఆ ఎంజైములు గడ్డ దగ్గర మాత్రమే ఉండవు, కీళ్లలో పాతది తీసి కొత్తది అల్లుకోవడానికీ అవే కావాలి. మా మాత్రకి ఆ విచక్షణ లేదు. అన్నిచోట్లా అన్నిటినీ పట్టేస్తుంది.

మరి అన్నయ్యకి ఏ నొప్పీ లేదని నువ్వు రాస్తున్నావు. పైగా నీ కవర్లు వస్తున్నాయి కదా, నేను వాటి మీద అన్నయ్య అక్షరాలే చూస్తున్నాను. గీత ఎక్కడా వణకలేదు, నీడ ఒక్క వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. ల్యాబ్ బుద్ధి ఎక్కడికి పోతుంది, భూతద్దం పెట్టి చూశాను. ఆ చెయ్యి బిగుసుకున్న చెయ్యి కాదు వదినా.

అంటే అన్నయ్యకి పడింది ఉత్త మాత్ర. నా చేత్తో చేసిన మందు ఊళ్లోవాళ్లందరికీ అంది, మా అన్నకే అందలేదు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా చెప్పు. నేనే చేరమన్నాను. ఆ గడ్డేమో చల్లగా దారి తొలుచుకుంటుంటే, ఆయన అద్దం ముందు నిలబడి పిండిముద్ద మింగుతూ నా పేరు తలుచుకుంటున్నాడు.

నిజం చెప్పు. భుజం నొప్పని ఒక్కసారైనా అన్నాడా? అంటే మాత్రం డాక్టర్‌కి చెప్పాల్సిందే, వాళ్లు కొన్నాళ్లు ఆపాల్సిందే. కానీ అన్నాడని నువ్వు రాస్తే నేను ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంటాను. ఒంట్లోవాళ్లకి నొప్పి రావాలని కోరుకునే ఆడపడుచు నీకు దొరికింది, ఏం చేస్తాం.

కందిరీగ

*

స్కూలు నుంచి,
పిల్లలు పలకలు తుడుచుకుంటుండగా

కందిరీగకి,

నొప్పీ లేదు, గిప్పీ లేదు. గుండ్రాయిలా ఉన్నాడు. అనవసరంగా మనసు పాడుచేసుకోకు.

ఆకలి బాగానే ఉంది. మందుల షాపు బోర్డు సగంలో ఆపాడు, ఎండ ఎక్కువగా ఉందని. మిగతాది తర్వాత చేస్తాడు. ఓనరుగారి పిల్లి మన గుమ్మంలో పిల్లల్ని పెట్టింది. నువ్వు వేళకి తిను.

ఒంట్లోవాళ్లు అన్నావు. ఇంట్లోవాళ్లు అనబోయి రాశావనుకుంటా. నా ఎదురుగా పిల్లలైతే దిద్దించేదాన్ని. నీకు నిద్ర అవసరం.

మీ వదిన

*

ల్యాబ్ నుంచి (స్కూలు అడ్రసుకి),
వర్షం పడుతున్న రోజు

వదినా,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. నా మీద కోపమొచ్చిందా? వస్తే రానీ.

ఇక్కడ కూడా ఏమీ బాగాలేదు. మా ల్యాబ్ పెద్దాయనతో గొడవపడ్డాను. మేం ఎలకలకి మందు మొదలుపెట్టింది గడ్డ చిన్నగా ఉన్నప్పుడు. మనుషులకేమో అది అంతా పాకేశాక ఇస్తున్నాం. గడ్డ ముదిరిన ఎలకల్లో కూడా చూద్దామని నేను అప్పట్నుంచీ చెవిలో జోరీగలా పోరుతున్నాను. పోయిన నెల చూశాం. వాటిలో మందు అంతగా పనిచెయ్యలేదు. కొన్నిట్లో ఇంకా తొందరగా పాకింది. "కొన్నిట్లోనేగా" అన్నాడు ఆయన. ఆయన చేతిలో పెన్ను లాక్కుని విసిరికొట్టాను. కిటికీలోంచి పోయింది. ఖరీదైన పెన్నేనట.

మాకింకా తెలియనిది చాలా ఉంది వదినా. ఈ ఎంజైములన్నీ దొంగలే అనుకున్నాం. కానీ అవి కోసి పడేసిన ముక్కల్లో కొన్ని, గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుపడతాయని ఇప్పుడు తేలుతోంది. ఆ ఎంజైముల్లోనే ఇంకొన్ని, గడ్డతో పోరాడే కాపలా కణాల్ని కేకేసి పిలిచే రకం. దొంగతోపాటు కాపలావాణ్ణి కూడా కట్టేశామేమోనని నాకు భయంగా ఉంది. ఏదీ తేలలేదు. అందుకే ఎవరితోనూ అనకు.

అన్నయ్య దగ్గేమైనా దగ్గుతున్నాడా?

కందిరీగ

*

ఇంటి నుంచి,
స్కాన్ అయిన మర్నాడు

కందిరీగకి,

దగ్గు వచ్చింది. చాలారోజులైంది వచ్చి. రాయలేదు, రాస్తే నిజమైపోతుందని.

నిన్న స్కాన్ తీశారు. ఊపిరితిత్తిలో లేచింది, కాలేయంలో కూడా కనిపించిందట. ఆ కుర్ర డాక్టర్ నీళ్లు నమిలాడు. మీ అన్నే ఆయన భుజం తట్టి, "ఫరవాలేదు బాబూ, మీ తప్పేముంది" అన్నాడు. బయటికొచ్చాక నాకు కళ్లు కనిపించలేదు, ఎదురుగా వస్తున్న స్ట్రెచర్‌ని గుద్దుకున్నాను.

మీ చదువుల వల్ల ఏం ఒరిగింది? ఇంతింత లావు పుస్తకాలు రాసుకుంటారు. లోపల అల్లిక ఉందంటారు, దాన్ని తొలుస్తుందంటారు, దేని పేరు ఏమిటో మీకు తెలుసు. మరి ఆపడం ఎందుకు చేతకాలేదు? నిన్ను అనకూడదు. ఇంకెవర్ని అననూ? ఆ పిల్లిని అననా?

మాత్ర మాత్రం మానలేదు. "కందిరీగ కుట్టడం మొదలెట్టింది, కాస్త ఆగితే గడ్డ చచ్చి ఊరుకుంటుంది" అంటున్నాడు. నువ్వొకసారి రా.

మీ వదిన

*

ల్యాబ్ నుంచి,
పొద్దున్నే

వదినా, వదినా,

హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. మాత్ర ఆపేశారు. అన్ని ఆస్పత్రుల్లోనూ. రేపోమాపో మీ దగ్గరికి కబురొస్తుంది, డబ్బా తిరిగి ఇచ్చెయ్యమంటారు.

లెక్కలు విప్పి చూశారట, పేర్లు లేకుండా గుంపుల లెక్క మాత్రమే. అసలు మాత్ర వేసుకున్నవాళ్లలోనే జబ్బు ముందుగా తిరగబెట్టింది. వాళ్లే ముందు పోయారు. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లు వాళ్లకంటే నయంగా ఉన్నారు. నేను భయపడ్డదే అయింది, కాపలావాణ్ణి కట్టేశాం. మా పెద్దాయన గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. నా ఇన్నేళ్ల పనీ గంగలో కలిసింది, కలవనీ.

నాకు నవ్వొస్తోంది వదినా. సిగ్గులేకుండా నవ్వొస్తోంది. మా అన్నకి ఒక్క నొప్పి రాలేదు! భుజం పట్టలేదు, వేలు బిగియలేదు, కవర్ల మీద అక్షరాలు ఈ క్షణం కూడా నా బల్ల మీద నిగనిగలాడుతున్నాయి. ఆయనకి పడింది ఉత్త మాత్రే! ఆరోజు దరిద్రం అని ఏడ్చాను చూడు, అదే మన అదృష్టం. జబ్బు తిరగబెట్టింది నిజమే, దానికి వేరే మందులున్నాయి, చూద్దాం. కానీ అది నా వల్ల కాదు. నా చేత్తో నేను మా అన్నకి ఏ కీడూ చెయ్యలేదు. ఆ ఒక్కటీ చాలు, నేను బతికిపోయాను.

సెలవు అడిగాను. వచ్చేస్తున్నాను.

కందిరీగ

*

స్కూలు నుంచి,
అందరూ వెళ్లిపోయాక

కందిరీగకి,

ఈ కవరు మీద వంకర గీతలు చూసి గుమాస్తా ఎవరినీ కేకేసి ఉండడు. అవి నావి.

నీ ఉత్తరం ఇంటికొచ్చింది. సంతోషంలో స్కూలు అడ్రసు మర్చిపోయావు. నేను వచ్చేసరికి మీ అన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కవరు పళ్లతో చింపాడు. వేళ్లతో చింపలేడు.

రెండో నెలలోనే భుజాలు పట్టేశాయి. మూడో నెలకి వేళ్లు ముడుచుకుపోయాయి. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. మందుల షాపు బోర్డు ఎండకి ఆపలేదు, కుంచె జారి కింద పడింది, రంగు డబ్బా ఆ షాపతని నెత్తిన పడబోయింది. అప్పట్నుంచీ ఆయన కుంచె పట్టుకోలేదు. నొప్పి చెప్తే మాత్ర ఆపేస్తారని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. అంతే, నోరు కుట్టేసుకున్నాడు. ఆస్పత్రికి వెళ్లేముందు నొప్పి బిళ్లలు మింగి, ఆ కుర్ర డాక్టర్ ముందు పళ్ల బిగువున చేతులు పైకెత్తి చూపించేవాడు. "చూశారా, మా చెల్లెలి మందు" అనేవాడు.

నువ్వు చూసిన కవర్లంటావా? మొదటి మాత్ర వేసుకోకముందు ఒక పూటంతా కూర్చుని ఒక కట్ట కవర్లు రాసిపెట్టాడు. ముందుచూపు కాదు, మందు మొదలెడుతున్నానన్న హుషారు. ఒట్టి చాదస్తం. నేను వాటినే ఒక్కొక్కటీ వాడుతూ వచ్చాను. నువ్వు భూతద్దం పెట్టి చూస్తున్నావని తెలిశాక కూడా వాడాను.

ఎందుకు వాడానో విను. నొప్పి వస్తే అసలు మాత్ర అని నువ్వే కదా స్కూలుకి రాశావు. ఆ కాగితం చదివి నేను బళ్లోనే ఎగిరి గంతెయ్యబోయాను. ఇంటికి పరిగెత్తి ఆయనకి చెప్పాను, "ఓర్చుకోండి, అది మంచి గుర్తు" అని. రోజూ చెప్పాను. ఆయన మూలుగుతుంటే వేడి గుడ్డ వేస్తూ చెప్పాను. నీకు నిజం రాస్తే నువ్వు ఊరుకోవు, డాక్టర్‌కి చెప్పేస్తావు, వాళ్లు మాత్ర లాక్కుంటారు. అందుకే నీకు గుండ్రాయి అని రాశాను. నువ్వు ఇట్టే నమ్మేశావు.

ఆపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలుసని ఇద్దరం అనుకోవద్దు. కానీ పొద్దున్నా సాయంత్రం ఆ డబ్బా మూత తీసి, మాత్ర ఆయన నోట్లో వేసింది నేనే, ఆయన వేళ్లు తెరుచుకోక.

ఇక అసలు మాట. మీ అన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. విని నవ్వాడు. "పాపం, బతికిపోయానంటోంది చూడు" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకోబోయాడు, పట్టు దొరకలేదు. "దానికి చెప్పకు. నాది ఉత్త మాత్రే అనుకోనీ. నేనెలాగూ పోతాను, అది ఇంకా చాలా ఏళ్లు బతకాలి, పనిచేసుకోవాలి" అన్నాడు. మిగిలిన ఆఖరి కవరు తీసిచ్చి, నాకు బాగుందని రాసి దీంట్లో పెట్టు అన్నాడు. సరేనన్నాను. కవరు నా పెట్టెలో చీరల కింద ఉంది. దాంట్లో ఇంకో అబద్ధం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

నేను మీ అన్నంత మంచిదాన్ని కాను. ఇంత బరువు నేనొక్కదాన్నే మొయ్యలేను. నువ్వు నవ్వుకుంటూ ఈ గుమ్మంలోకి వచ్చి "బతికిపోయాను" అంటే, ఆయన ముందే నీ చెంప పగలగొట్టేదాన్ని. అందుకే ముందే రాశాను. ఏడవాల్సింది అక్కడే ఏడ్చి రా.

మీ వదిన

*

ల్యాబ్ నుంచి (స్కూలు అడ్రసుకి)

వదినా,

నిజం రాసి మంచి పని చేశావు. నిన్ను క్షమించలేను, నన్నూ క్షమించుకోలేను. వాటికి తర్వాత టైముంది. ఆస్పత్రిలో ఆ కుర్ర డాక్టర్‌కి మొత్తం నిజం నేనే రాశాను. నొప్పికి, వేళ్లకి ఏం చెయ్యొచ్చో చూస్తానన్నాడు. ఇంకో మనిషి నొప్పి దాచకూడదు కదా.

ఇందులో మడిచి పెట్టిన రెండో కాగితం అన్నయ్యకి. ఇంటికి పోస్టులో వచ్చినట్టు చెప్పి ఇవ్వు. ఆయన అడిగింది ఆయనకి దక్కనీ.

కందిరీగ

*

అన్నయ్యకి,

ఏమయ్యా పెయింటరూ, తప్పించుకున్నావు. చెల్లెలి మందు చెల్లెలి మందు అని ఊరంతా డప్పు కొట్టుకున్నావు, తీరా చూస్తే నువ్వు మింగింది పిండిముద్ద. నీది ఉత్త మాత్రే. నాకు రూఢిగా తెలుసు. కవర్ల మీద నీ అక్షరాలు చాలు నాకు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాబట్టి నేను హాయిగా ఉన్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. పని కూడా మానను. ఏ ఎంజైమ్ దొంగో ఏది కాపలాదో వేరు చెయ్యడం నేర్చుకోవాలి, ముందు అది తెలియకే తప్పు చేశాం. మళ్లీ మొదట్నుంచి మొదలుపెడతాను.

శనివారం బండికి వస్తున్నాను. ఎప్పట్లా స్టేషన్‌కి వచ్చి నా పెట్టె లాక్కుంటానంటావు. రావద్దు. చలిగా ఉంది, నీకు దగ్గు. నా పెట్టె నేనే మోసుకొస్తాను.

నీ కందిరీగ